మిద్దెకు చౌడెత్తేదెవరు?

రోహిణి ఎండలు ఇంకా దిగకముందే మా ఊళ్లో మిద్దెల మీదికి చౌడెక్కేది. గిద్దలూరు దగ్గరి పల్లె మాది. చెరువు వెనక, గడ్డి కూడా సరిగా మొలవని చౌటి నేలలో తవ్వి, బండ్ల మీద తోలి, వీధిలో కుప్ప పోసేవాళ్లు. పొలం పనులు లేని రోజులు కాబట్టి ఇంటికొక మనిషి వచ్చేవాడు. కింద ఒకరు గంపకెత్తితే, నిచ్చెన మీద ఇంకొకరు అందుకుని పైనున్న మనిషికి ఇచ్చేవాళ్లు. మా పెద్దమ్మ కొంగు నడుముకు దోపి మిద్దె మీద నిలబడి, పాత చౌడు ఎక్కడ కొట్టుకుపోయిందో, ఎలుక ఎక్కడ బొక్క పెట్టిందో కాలి బొటనవేలితో తడిమి చూపించేది. రెండు వేళ్ల మందాన కొత్త చౌడు పరిచి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టేవాళ్లు. మా మిద్దె అయ్యాక పక్క మిద్దె. మృగశిర వచ్చి తొలకరి పడేలోగా వీధి మొత్తం అయిపోవాలి. ఏ ఇంటి మీదయినా చౌడు పడలేదంటే, ఆ ఇంట్లో మనుషులు లేరనో, అన్నదమ్ములకు పడడం లేదనో ఊరికి తెలిసిపోయేది.

పది, ఇరవై అంతస్తుల ఇళ్ల గురించి రాయడానికి కూర్చుని చౌడుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆ ఇళ్ల చరిత్ర చదివే కొద్దీ నాకు ఆ నిచ్చెనే గుర్తుకొస్తోంది. ఎత్తయిన ఇల్లు కట్టడం మనిషి నూరేళ్ల కిందటే నేర్చుకున్నాడు. కట్టిన ఇంటికి ఏటా చౌడెత్తే పని ఎవరిదో తేల్చుకోలేని చోట ఆ ఇళ్లను మందుపెట్టి పేల్చేశారు. తేల్చుకున్న చోట లక్షల కుటుంబాలు వాటిలో కుదురుగా బతుకుతున్నాయి. హైదరాబాద్ శివార్లలో పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్న, కొన్న తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో నాలుగు రోజులుండి వచ్చాక, ఈ సంగతి వివరంగా రాయాలనిపించింది.

ముందు మిద్దె సంగతి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇంటి తీరు కూడా ఆ సీమదే. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద బండలో కట్టెపుల్లలో పరిచి, పైన ఆకు, గడ్డి, ఆ పైన మూరెడుకు కాస్త తక్కువగా మట్టి, చిట్టచివర చౌడు. వెలుతురు రావడానికి, పొగ పోవడానికి నడిమధ్య గవాచి. ఇంటి ముందు అరుగు.

చౌడు పొలానికి శాపం, మిద్దెకు ప్రాణం. రెండింటికీ కారణం సోడియమే. బంకమట్టి నిజానికి కంటికి ఆనని సన్నటి పలకల దొంతర. ఆ పలకల మీద రుణావేశం ఉంటుంది. మంచి నేలలో కాల్షియం అయాన్లు ఎక్కువ. ఒక్కో అయాన్‌కు రెండు ధనావేశాలు ఉంటాయి కాబట్టి అవి పలకలను గుత్తులుగా పట్టి ఉంచుతాయి. గుత్తుల మధ్య సందుల్లో నీళ్లు ఇంకుతాయి, వేళ్లకు గాలి ఆడుతుంది. చౌటి నేలలో ఆ చోటును సోడియం ఆక్రమిస్తుంది. దానిది ఒక్కటే ఆవేశం, పైగా చుట్టూ నీటి అణువులను మూగించుకుని ఉబ్బి ఉంటుంది. దాని పట్టు చాలక, తడి తగలగానే పలకలు విడివిడిగా జారి సందులన్నిటికీ అడ్డం పడతాయి. ఇక నీటి చుక్క కిందికి దిగదు. రైతు జిప్సం చల్లేది ఆ సోడియాన్ని తరిమి మళ్లీ కాల్షియాన్ని ఎక్కించడానికే. మిద్దె మీద మాత్రం ఆ మూసుకుపోయే గుణమే మనకు కావలసింది. రసాయన శాస్త్రం పేరు వినని పూర్వులు, పంటకు పనికిరాని మట్టిని ఏరి తెచ్చి నెత్తిన పెట్టుకున్నారు. నాకు ఇది ఇప్పటికీ అబ్బురమే. అయితే విడివడ్డ ఆ పలకలు తేలిక. ప్రతి వానకూ కొన్ని నీళ్లతోపాటు తూములోంచి కొట్టుకుపోతాయి. అందుకే ఏటా ఎత్తాలి. మూడేళ్లు వదిలేస్తే దంతెలు నానుతాయి. ఆ తర్వాత కూలడానికి పెద్ద వాన అక్కర్లేదు.

మిద్దె ఇంకో మేలు కూడా చేసేది. మార్కాపురం ఎండ తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం కప్పు మీద పడ్డ వేడి లోపలికి రావడానికి సమయం పడుతుంది. ఎంత సమయమన్నది కప్పు మందం మీద, ఆ పదార్థంలో వేడి పాకే వేగం మీద ఆధారపడుతుంది. నాలుగున్నర అంగుళాల కాంక్రీటు స్లాబుకు లెక్కకడితే సుమారు మూడు గంటలు వస్తుంది. అడుగు మందం మట్టి కప్పుకు పది, పదకొండు గంటలు. మధ్యాహ్నం రెండింటికి స్లాబు మీద పడ్డ ఎండ సాయంత్రం అయిదుకు, బడి నుంచి పిల్లలు వచ్చే వేళకు నెత్తి మీదికి దిగుతుంది. మట్టి మిద్దెలో అదే వేడి అర్ధరాత్రి దాటాక గాని రాదు. అప్పటికి ఇంటిల్లిపాదీ మిద్దె మీదో వాకిట్లోనో పడుకుని ఉంటారు. దారిలో వేడి అరిగిపోతుంది కూడా. కప్పు పైన పగలూ రాత్రీ మధ్య ఉండే తేడాలో దాదాపు సగం కాంక్రీటు గుండా లోపలికి చేరుతుంది. అడుగు మట్టిలో పదో వంతు కూడా చేరదు.

అలాగని మట్టి మిద్దెను దేవుడి గదిలో పెట్టి పూజించాలనడం నా ఉద్దేశం కాదు. దాని కింద పురుగూ పుట్రా, తేళ్లూ ఉండేవి. ముసురు పట్టిన రాత్రుళ్లు గిన్నెలూ చెంబులూ కారే చోట పెట్టి కూర్చున్న ఇళ్లు నాకు తెలుసు. పక్కా ఇల్లు కావాలని పేదవాడు అడగడంలో న్యాయం ఉంది. ప్రభుత్వ గృహనిర్మాణ పథకాలతో ఊరూరా స్లాబు ఇళ్లు వచ్చినప్పుడు జనం సంతోషించారు, సంతోషించాలి కూడా.

పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. ఊళ్లో ఒంటరిగా ఉండలేక కొడుకు దగ్గరికి వెళ్లింది. మొదటిరోజు ఆమెను ఆశ్చర్యపరిచింది ఎత్తు కాదు, నీళ్లు. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఒంగిపోయిన నడుములున్నాయి, ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకున్న తెల్లవారుజాములున్నాయి. "తొమ్మిదో మిద్దెకు కూడా నీళ్లు ఎక్కినాయి చూడు నాయనా!" అని ఆమె కొళాయిని రెండుసార్లు తిప్పి చూసింది. రెండోరోజు లిఫ్టు దగ్గర గోడకు అంటించిన నల్లటి రాతి ముక్కలను చేత్తో తడిమి, "ఇది మన పలక గదా" అంది. నిజమే అయి ఉంటుంది. మార్కాపురం పలకది వంద కోట్ల ఏళ్లకు పైబడ్డ వయసు. సముద్రం అడుగున పేరుకున్న బురద భూగర్భంలో నలిగి, అందులోని అభ్రకం లాంటి ఖనిజాలు ఒత్తిడికి అడ్డంగా ఒకే వరసలో సర్దుకుని రాయి అయింది. అందుకే ఉలి పెట్టి తడితే పుస్తకంలో కాగితంలా విడిపోతుంది. ఒకప్పుడు దేశంలో ఎన్నో బళ్లలో పిల్లలు అ ఆలు దిద్దిన రాయి ఇప్పుడు విదేశాల్లో ఇళ్ల కప్పు మీదికీ మహానగరాల్లో గోడల మీదికీ ఎక్కుతోంది.

మూడోరోజు సాయంత్రం చూస్తే పెద్దమ్మ ఇంట్లో లేదు. లిఫ్టు ఎదుట చాప వేసుకుని కూర్చుని ఉంది.

"ఈడెందుకు పెద్దమ్మా?"

"తలుపు తీస్తే ఎదురుగా ఇంకో తలుపే గదా నాయనా. మనిషి కనపడాలంటే ఈడ కూచోవాల."

ఆమె వెతుక్కున్నది అరుగు. బహుళ అంతస్తుల ఇళ్లను మొదట కలగన్నవాళ్లు కూడా సరిగ్గా ఈ విషయం గురించే ఆలోచించారు.

ఆ కలకు ముందు రెండు వస్తువులు కావలసి వచ్చాయి. మొదటిది లిఫ్టు. అది రాకముందు ఎత్తు పేదవాడిది. పారిస్ లాంటి నగరాల్లో డబ్బున్నవాళ్లు కింది అంతస్తుల్లో ఉండేవాళ్లు. మెట్లెక్కి ఎక్కి చేరే అటకగదులు పనివాళ్లవి. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో ఎలైషా ఓటిస్ ఒక వేదిక మీద నిలబడి పైకి వెళ్లి, తనను మోస్తున్న తాడును అందరూ చూస్తుండగా తెగ్గొట్టించాడు. తాడు బిగువు తగ్గగానే ఒక స్ప్రింగు విచ్చుకుని పక్క పట్టాల పళ్లలో ఇరుక్కుంది. వేదిక కొద్దిగా జారి ఆగిపోయింది. అంతకుముందు కూడా సరుకులు ఎత్తే యంత్రాలు ఉన్నాయి. మనిషి నమ్మి ఎక్కడానికి కావలసిన ధైర్యాన్ని ఇచ్చినవాడు ఓటిస్. 1857లో న్యూయార్క్‌లోని ఒక అయిదంతస్తుల దుకాణంలో మనుషుల లిఫ్టు మొదలైంది. ఇప్పుడు హైదరాబాద్ టవర్లలో పైకి పోయే కొద్దీ చదరపు అడుగుకు ఇంత అని 'ఫ్లోర్ రైజ్' కట్టించుకుంటారు. నూట డెబ్బై ఏళ్లలో అటక మీది గది ఇంట్లోకెల్లా ఖరీదైనదిగా మారడానికి మూలం ఆ స్ప్రింగే.

రెండోది కాంక్రీటు. కాంక్రీటు నొక్కుడును ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. ఇనుము లాగుడును ఓర్చుకుంటుంది. రెండింటినీ కలపడం సాధ్యమైంది ప్రకృతి చేసిన ఒక మేలు వల్ల. వేడికి రెండూ దాదాపు ఒకే మోతాదులో వ్యాకోచిస్తాయి, లేకపోతే మొదటి ఎండాకాలానికే విడిపోయేవి. ఫ్రాన్సులో ఫ్రాన్స్వా హెన్నెబీక్ 1892లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1903కల్లా అమెరికాలోని సిన్సినాటిలో 16 అంతస్తుల కాంక్రీటు భవనం లేచింది. కాంక్రీటుకూ చౌడు లాంటి అవసరం ఒకటి ఉంది. సిమెంటులోని గట్టి క్షారగుణం లోపలి కడ్డీకి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి పాకి ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. అక్కడికి నీటి చెమ్మ కూడా చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలినుంచి కాంక్రీటును పగలగొడుతుంది. బాత్‌రూము కింద పెచ్చులూడిన స్లాబులో కనిపించే ఎర్ర కడ్డీ కథ ఇదే. కాంక్రీటు ఇల్లు ఒకసారి కడితే నూరేళ్లు చూసుకోనక్కర్లేదని మనం అనుకుంటాం. లీకు కనిపించిన రోజే దానికి చౌడెత్తాలి.

ఈ రెండూ చేతికందాక, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత యూరప్‌లో ఆధునికవాద వాస్తుశిల్పులు ఒక కొత్త ఊరిని ఊహించారు. క్షయరోగం పేదల చీకటి గదుల్లో పుట్టగొడుగులా పెరిగిన కాలం అది. ఎండ, గాలి, పచ్చదనం ప్రతి మనిషికీ దక్కాలంటే ఇళ్లను పైకి పేర్చి కింద నేలను వదిలేయాలని వాళ్లు వాదించారు. వాళ్లలో పెద్ద గొంతు లె కార్బూజియేది. చండీగఢ్ నగరాన్ని రూపొందించినవాడిగా మనకు తెలిసిన మనిషే. రెండో యుద్ధంలో ఇళ్లు కోల్పోయినవాళ్ల కోసం ఆయన మార్సెయ్ నగరంలో కట్టిన భవనం 1952లో పూర్తయింది. 18 అంతస్తులు, 337 ఇళ్లు, సుమారు 1,600 మందికి చోటు. భవనం నడిమి అంతస్తులో దుకాణాల వీధి పెట్టాడు. డాబా మీద పిల్లల బడి, లోతులేని నీటి కొలను, పరుగెత్తే బాట. నడవాలను ఆయన 'వీధులు' అనే పిలిచాడు. అంటే పైకెత్తేటప్పుడు ఇంటిని ఒక్కదాన్నే ఎత్తకూడదని ఆయనకు తెలుసు. ఆ భవనం ఇప్పటికీ జనంతో ఉంది, 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా చేరింది.

ఆయన్ను చూసి కట్టినవాళ్లు చాలామంది పెట్టెలను తీసుకుని వీధిని వదిలేశారు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్ ఐగో అనే పేదల కాలనీ 1954లో మొదలైంది. పదకొండేసి అంతస్తుల భవనాలు 33, ఇళ్లు 2,870. గీసినవాడు మినోరు యమసాకి, తర్వాత న్యూయార్క్ జంట టవర్లు గీసినవాడు. ఖర్చు తగ్గించడానికి లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగకుండా 1, 4, 7, 10 అంతస్తుల్లోనే ఆగేలా చేశారు. అక్కడ విశాలమైన వసారాలు పెట్టారు. ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుంటూ, పిల్లలు ఆడుకుంటూ ఉంటారని బొమ్మల్లో గీశారు. కొన్నేళ్లలోనే ఆ వసారాల్లో బల్బులు పగిలి, లిఫ్టులు పాడై, చలికాలంలో గొట్టాలు పగిలి మెట్ల మీద మంచు గడ్డకట్టింది. 1972లో టెలివిజన్ కెమెరాల ముందు మొదటి భవనాలను పేల్చారు. 1976కల్లా మొత్తం నేలమట్టం. ఆధునిక వాస్తుశిల్పం అక్కడే చచ్చిపోయిందని విమర్శకులు రాశారు. బహుళ అంతస్తుల్లో పేదవాళ్లు ఇమడలేరని మన దగ్గర కూడా ఇప్పటికీ అంటుంటారు.

ఆ మాట నాకు అన్యాయంగా తోస్తుంది. డబ్బు దారి చూస్తే అసలు కథ తెలుస్తుంది. 1949 నాటి అమెరికా గృహనిర్మాణ చట్టం కింద కట్టడానికి కేంద్రం డబ్బిచ్చింది, కట్టాక నడపడానికి అద్దెలే ఆధారం అన్నారు. 1950లో ఎనిమిదిన్నర లక్షలు దాటిన సెయింట్ లూయిస్ జనాభా 1970కి ఆరు లక్షల ఇరవై వేలకు పడిపోయింది. ఇళ్లు ఖాళీ అయ్యే కొద్దీ అద్దె తగ్గింది, అద్దె తగ్గే కొద్దీ మరమ్మతు ఆగింది, మరమ్మతు ఆగే కొద్దీ మిగిలినవాళ్లు కూడా వెళ్లిపోయారు. ఉన్న కొద్దిమంది మీద అద్దె పెంచితే కట్టలేక 1969లో అద్దెల సమ్మె చేశారు. ఆ ఇళ్లలోని తల్లులు వచ్చిన కొత్తలో ఎంతో మురిసిపోయారు. వాళ్లకు కొళాయి, వెలుతురు, సొంత గది అవే మొదటిసారి. మా పెద్దమ్మ కొళాయి తిప్పి చూసినప్పుడు నాకు వాళ్లే గుర్తుకొచ్చారు.

సింగపూర్ కూడా అదే కాలంలో అలాంటి పెట్టెలే కట్టింది. 1960లో గృహనిర్మాణ సంస్థ పెట్టి, 1964 నుంచి ఆ ఇళ్లను జనానికే అమ్మడం మొదలుపెట్టింది. ఇవాళ ఆ దేశవాసుల్లో పదిమందికి దాదాపు ఎనిమిది మంది వాటిలోనే ఉంటారు, వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ రెండు పనులు చేశారు. భవనాల కింది అంతస్తును గోడలు లేకుండా ఖాళీగా వదిలారు. పెళ్లయినా, చావయినా, ముసలివాళ్ల చదరంగమయినా అక్కడే. రెండోది, 1988లో చట్టం చేసి పేటల వారీగా టౌన్ కౌన్సిళ్లు పెట్టి, ప్రతి ఇంటి నుంచి నెలనెలా రుసుము తీసుకుని లిఫ్టులు, రంగులు, ట్యాంకులు చూసే పనిని వాటికి అప్పగించారు. దానిలో కొంత పెద్ద మరమ్మతుల నిధికి పోవాలి. చౌడెత్తే మనిషి పేరు చట్టంలో రాసి ఉంది.

మన కథ మూసీ వరదతో మొదలవుతుంది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌ను ముంచిన ఆ వరద తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం నగర అభివృద్ధి మండలిని ఏర్పాటు చేసి ఇరుకు బస్తీల స్థానంలో గాలీ వెలుతురూ ఉన్న ఇళ్లు కట్టించింది. ఆ బాధ్యత తర్వాత ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డుకు వచ్చింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ దాని పెద్ద బిడ్డ. ఆదాయాన్ని బట్టి బోర్డు పెట్టిన ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అనే అక్షరాలు ఇవాళ బస్టాపుల పేర్లయి, ఆటోవాళ్ల నోట్లో నానుతున్నాయి. మనిషి జీతం పేటపేరుగా స్థిరపడిపోవడం విచిత్రమే. అవి ఎక్కువగా నేల మీది ఇళ్లే. పైకి లేవడానికి ముందు ఒక చట్టం కావలసి వచ్చింది. నేల లేకుండా గాలిలో ఉన్న నాలుగు గోడలను రిజిస్ట్రేషన్ చేయడమెలా? 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఆ చిక్కు విప్పింది. ఫ్లాటు నీది, మెట్లూ లిఫ్టూ డాబా అందరివీ, కింది నేలలో నీకు విడదీయరాని వాటా. జనం నోట అదే 'యూడీఎస్'. 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర భవన నిబంధనల్లో 18 మీటర్లు దాటితే హైరైజ్ అన్నారు. అక్కడి నుంచి అగ్నిమాపక ఏర్పాట్లు, చుట్టూ వదలాల్సిన ఖాళీ పెరుగుతాయి కాబట్టి, కింద స్టిల్టు వేసి పైన అయిదు అంతస్తులతో ఆగిపోయిన భవనాలు మన పట్టణాల నిండా కనిపిస్తాయి. సింగపూర్‌లో పెళ్లిళ్లు జరిగే ఆ కింది అంతస్తు మన దగ్గర కార్లది. వాచ్‌మన్ కుటుంబం ఒక మూల వండుకుంటూ ఉంటుంది, ఆ భవనంలో అరుగు లాంటిది ఏదైనా ఉంటే ఆ మూలే.

ఈ టవర్లు కట్టే చేతుల్లో మా వైపువి చాలానే ఉన్నాయి. వాన తప్పిన ఏడు మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కొమరోలు పల్లెల నుంచి బేల్దారి పనికి హైదరాబాదో బెంగళూరో వెళ్లడం తరాలుగా ఉన్నదే. ఇప్పుడు పని తీరు మారింది. ఇటుక పేర్చడం తగ్గి 'మైవాన్' వచ్చింది. అల్యూమినియం పలకల అచ్చులు నిలబెట్టి, కడ్డీ అల్లి, గోడలూ స్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. వారం, పది రోజులకు ఒక అంతస్తు. వేగంగా కడితే గట్టిగా ఉంటుందా అన్న అనుమానం సహజమే. 1968లో లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తు వంటింట్లో గ్యాస్ పేలి ఒక మూల మొత్తం పేకమేడలా కూలి నలుగురు చనిపోయారు. ఫ్యాక్టరీలో పోసిన గోడలను ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, అతుకులతో సరిపెట్టిన కట్టడం అది. ఒక గోడ ఎగిరిపోగానే పైవాటికి ఆధారం లేకపోయింది. గోడా స్లాబూ ఒకే ముద్దగా, కడ్డీలతో ముడిపడి ఉండే ఈ పద్ధతిలో ఆ బలహీనత ఉండదు. భూకంపాన్ని తట్టుకోవడంలోనూ ఇది మేలు. కానీ ప్రతి గోడా బరువు మోసేదే కాబట్టి ఒక్క గోడ కూడా తీయడానికి లేదు. మా అన్న దేవుడి పటానికి మేకు కొట్టబోతే మేకు వంగింది, గోడ వంగలేదు. మట్టిగోడలో దీపానికి గూడు తొలుచుకున్న పెద్దమ్మ, ఈ ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక రెండు రోజులు కొంగున కట్టుకుని తిరిగింది.

పేదల కోసం కూడా ఇదే పద్ధతిలో కడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో, జీ ప్లస్ త్రీ భవనాలుగా, ఈ కాంక్రీటు గోడలతోనే లేచాయి. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్ 22న ప్రారంభించిన డబుల్ బెడ్‌రూమ్ కాలనీలో 117 భవనాలు, 15,660 ఇళ్లు. స్టిల్టు మీద తొమ్మిది, పది, పదకొండు అంతస్తులు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. ఇంటికి నలుగురైదుగురు చొప్పున నిండితే డెబ్బై వేల మంది. 2011 లెక్కల్లో మార్కాపురం పట్టణ జనాభా కూడా 71 వేలే. చెన్నకేశవస్వామి గుడి వీధి నుంచి పలకల ఫ్యాక్టరీల దాకా ఉన్న ఊరు ఊరంతటినీ ఒకే కాలనీలో నిలువుగా పేర్చారన్నమాట. అంత జనానికి దుకాణ సముదాయాలు, మురుగునీటి శుద్ధి, రోడ్లు లేఅవుట్‌లోనే వేశారు. దుకాణాల అద్దెతో లిఫ్టుల లాంటివి నడవాలన్న ఆలోచన ఈ పథకంలో మొదటినుంచీ ఉంది. సెయింట్ లూయిస్ కథ తెలిసినవాళ్లకు ఈ ఒక్క వాక్యమే అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ అద్దె ఏ ఖాతాకు పోతుంది, ఎవరి సంతకంతో బయటికొస్తుంది అన్నదాని మీద ఆ 117 భవనాల ఇరవయ్యో ఏడు ఆధారపడి ఉంటుంది.

ఎత్తుకు ఖర్చు ఎక్కువనే మాటనూ కాస్త లెక్కవేసి చూడాలి. వెయ్యి లీటర్ల నీళ్లను తొమ్మిదో అంతస్తుకు, అంటే సుమారు 30 మీటర్లు ఎత్తడానికి భౌతికశాస్త్రం అడిగే శక్తి యూనిట్ కరెంటులో పన్నెండో వంతు. మోటారు నష్టాలు కలిపి రెట్టింపు అనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున అయిదుగురి ఇంటికి కావలసిన నీళ్లు ఎక్కించడానికి యూనిట్‌లో పదో వంతు చాలు. లిఫ్టు కూడా అంతే. మన పెట్టె ఒకవైపు, దాని బరువుకు తోడు సగం మంది మనుషుల బరువంత దిమ్మె ఇంకోవైపు, ఏతంలో రాయి కట్టినట్టు వేలాడుతుంటాయి. మోటారు లాగేది తేడానే. ఖర్చంతా తాళ్లు అరిగినప్పుడు మార్చడంలో, బ్రేకు సరిచూడడంలో, మోటారు కాలిన రోజు వెంటనే డబ్బు తీయగలగడంలో ఉంది. నెలకు ఇంటికి కొన్ని వందలో వేలో పడే ఆ ఖర్చును బాగా ఉన్నవాళ్లు గేటెడ్ కమ్యూనిటీలో అడ్వాన్సుగా కట్టేస్తారు, కార్పస్ ఫండ్ ఉంటుంది. కూలి చేసుకునే కుటుంబానికి నెలకు అయిదువందలు కూడా రేపటి బియ్యంతో పోటీ పడే డబ్బు. పేదవాళ్లకు ఎత్తయిన ఇల్లు ఇచ్చేవాళ్లు తాళంచెవితో పాటు ఈ ఖర్చు దారి కూడా ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల మధ్య కట్టిన కంభం చెరువును వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. మట్టికట్ట అయిదు వందల ఏళ్లు నిలిచిందంటే మధ్యలో ఎన్ని తరాలు గండ్లు పూడ్చి, తూములు సరిచేసి ఉండాలి! ఆ సీమల్లో చెరువు కట్టినవాళ్లకు, బాగుచేసేవాళ్లకు దశబంధం పేరుతో ఇనాం భూములు ఇచ్చేవాళ్లు. ఆయకట్టులో ఒక వాటా మరమ్మతు పనికే ముడిపడి ఉండేది. పని మానితే ఇనాం పోయేది. చెరువు కట్టేరోజే చెరువు బాగుచేసే మనిషి కూడు ఎక్కడినుంచి వస్తుందో రాసుకున్నారు.

నేను బయలుదేరే ముందురోజు మా అన్న వాళ్ల భవనంలో మీటింగు జరిగింది. రెండు లిఫ్టుల్లో ఒకటి మూడు వారాలుగా ఆగిపోయి ఉంది. కింది అంతస్తులవాళ్లు తాము లిఫ్టు వాడం కాబట్టి సమానంగా కట్టబోమన్నారు. అద్దెకున్నవాళ్లు ఓనర్లను అడగమన్నారు. ఓనర్లలో సగం మంది అమెరికాలో ఉన్నారు. గంటన్నర తర్వాత ఏదీ తేలకుండానే లేచారు. పెద్దమ్మ అంతా వింటూ కూర్చుని, పైకి వచ్చేటప్పుడు అడిగింది: "మన మిద్దె మీద చౌడెత్తి ఎన్నేండ్లయిందిరా?"

నాలుగేళ్లయింది. మొన్న ఊరికి వెళ్లి చూస్తే గవాచి పక్కన రెండు దంతెలు నల్లబడి, వేలు పెడితే పొడి రాలుతోంది. మా వీధిలో ఇంకా మట్టి మిద్దెలు మిగిలిన ఇళ్లు మూడు. ఒకదాంట్లో ముసలాయన ఒక్కడే, ఇంకోదానికి తాళం. ఊళ్లో ఉన్న మా తమ్ముడు వచ్చే రోహిణిలో రెండు ట్రాక్టర్ల చౌడు తోలిస్తానన్నాడు. నిచ్చెన పట్టడానికి నన్ను రమ్మన్నాడు, పైన నిలబడడానికి ఇంకో ఇద్దరిని వెతుకుతున్నాడు.